కొండల నడుమ సరస్సులో కైట్‌సర్ఫింగ్: వైజాగ్ సాధన నుంచి సిల్వాప్లానా నీళ్ల దాకా

"అన్నా, భీమిలి వైపు రెండు సీజన్లు చేశాను. వచ్చే వేసవిలో స్విట్జర్లాండ్ వెళ్తున్నా. సిల్వాప్లానా సరస్సులో కైట్ ఎగరేయొచ్చా?" ఇలాంటి ప్రశ్నలు ఈ మధ్య చాలా వస్తున్నాయి. జూరిచ్‌లోనో మ్యూనిక్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ, వారాంతంలో ఆల్ప్స్ సరస్సులకు వెళ్లే మన విశాఖ కుర్రాళ్లూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడిగా జవాబు రాసే బదులు మొత్తం పద్ధతిని ఒకచోట పెడుతున్నాను.

కైట్‌సర్ఫింగ్ అంటే గాలి నింపిన గొట్టాలున్న పెద్ద గాలిపటం (కైట్) లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్ల మీద సాగడం. కైట్ తాళ్లు చేతిలో పట్టుకునే కడ్డీకి (బార్), అది నడుముకు బిగించిన పట్టీకి (హార్నెస్) తగిలించి ఉంటాయి. ఇది ఆ ఆటకు మొదటి పాఠం కాదు. సముద్రంలో నేర్చుకున్నవాళ్లు కొండల మధ్య నీళ్లలోకి దిగే ముందు ఏం మార్చుకోవాలో చెప్పేది. ప్రతి మెట్టు దగ్గరా మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ క్షణంలో గాలి పడిపోతే నేను ఒడ్డుకు ఎలా వస్తాను? మన తీరంలో సముద్రపు గాలి తగ్గినా చాలాసార్లు మెల్లగా తగ్గుతుంది. సరస్సు మీద ఒక మబ్బు సూర్యుడికి అడ్డొస్తే చాలు, పది నిమిషాల్లో గాలి మాయమవ్వచ్చు. జవాబు లేకుండా కైట్‌కు గాలి కొట్టొద్దు.

1. ముందు మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

కింది వాటిలో ఒక్కదానికి "లేదు" అని వచ్చినా ఈ ఏడాది సరస్సు వద్దు.

- ఎదురుగాలికి ఏటవాలుగా వెళ్లి, బయల్దేరిన చోటికే తిరిగి రాగలను.
- కైట్ నీళ్లలో పడితే కుడివైపు నుంచైనా ఎడమవైపు నుంచైనా ఒక్కణ్నే మళ్లీ లేపగలను.
- బోర్డు చేజారితే కైట్ లాగుతుండగా ఒంటితో ఈదుకుంటూ, గాలికి ఎదురుగా వెళ్లి దాన్ని అందుకోగలను.
- క్విక్ రిలీజ్‌ను (ఆపదలో కైట్ లాగుడును ఒక్కసారిగా వదిలించే మీట) కళ్లు మూసుకుని, ఏ చేత్తోనైనా తియ్యగలను.
- కాళ్లు అందని నీళ్లలో సెల్ఫ్ రెస్క్యూ (కైట్ లేవనప్పుడు సామానుతో సొంతంగా ఒడ్డు చేరడం) మొదటి నుంచి చివరి దాకా చేశాను. వీడియోలో చూడటం లెక్కలోకి రాదు.
- లైఫ్ జాకెట్‌తో అర కిలోమీటరు ఆగకుండా ఈదగలను.

ఎక్కువమంది ఆగిపోయేది ఐదో దగ్గర. సముద్రపు గాలి ఒడ్డువైపే వీస్తుంది కాబట్టి ఎప్పుడూ అవసరం పడలేదంటారు. సరస్సులో అదే మొదట అవసరం పడుతుంది.

ఇంకా నేర్చుకునే దశలోనే ఉంటే రామేశ్వరం వెళ్లండి. దీవికి రెండు వైపులా లోతు తక్కువ, అలలు లేని నీళ్లు ఉంటాయి. వేసవిలో నైరుతి గాలి, చలికాలంలో ఈశాన్య గాలి, ఏది వచ్చినా పనికొచ్చే ఒడ్డు దొరుకుతుంది. అలల్లేని నీళ్లు అలవాటైతే సరస్సుకు సగం సిద్ధమైనట్టే.

2. వైజాగ్‌లో చేయాల్సిన సాధన

మొదట చేయకూడనిది చెబుతాను. "సరస్సు కోసం సరస్సులోనే సాధన చేద్దాం" అని ముడసర్లోవకో, మేఘాద్రి గెడ్డకో, తాటిపూడికో కైట్ పట్టుకెళ్లొద్దు. ఇవి ఊరికి మంచినీళ్లిచ్చే జలాశయాలు. పైగా ముడసర్లోవ నీళ్ల మీద 2 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతుంటాయి. కైట్ తాళ్లూ కరెంటు సామానూ ఒకచోట ఉండకూడదు.

ఆర్కే బీచ్ కూడా వద్దు. జనం ఎక్కువ, ఒడ్డు నిటారు, లోపలికి లాగే ప్రవాహాలు ప్రాణాలు తీసినవే. రుషికొండ దాటి భీమిలి వైపు జనం పలచబడిన ఇసుక తీరం చూసుకోండి. మెరైన్ పోలీసులకు ముందే చెప్పి అనుమతి తీసుకోండి. ఇది నేవీ ఉన్న ఊరు, ఐఎన్ఎస్ డేగా అనే నేవీ విమాన స్థావరం కూడా ఇక్కడే ఉంది. అడక్కుండా ఆకాశంలోకి ఏదీ పంపకూడదు. వలలు ఎక్కడ వేశారో, ప్రవాహం ఎటు లాగుతోందో అక్కడి మత్స్యకారులను అడిగి తెలుసుకున్నాకే దిగండి.

మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. దక్షిణపు గాలి, ఆగ్నేయపు గాలి ఒడ్డువైపు నెడతాయి. నైరుతి గాలి ఒడ్డు వెంట వీస్తుంది. పడమటి గాలి మాత్రం మనిషిని బంగాళాఖాతంలోకి తోసేస్తుంది. ఆ రోజు కైట్ బ్యాగు విప్పొద్దు.

అయితే పడమటి గాలి రోజున కైట్ లేకుండా ఒక పాఠం నేర్చుకోవచ్చు. చేతిలో పట్టుకునే గాలి మీటరుతో కైలాసగిరి కింద, తెన్నేటి పార్కు దగ్గర పావుగంట నిలబడండి. కొండ దాటి వచ్చే గాలి ఒకసారి చెంపమీద కొట్టి, వెంటనే పూర్తిగా ఆగి, మళ్లీ ఇంకో దిక్కునుంచి వస్తుంది. రీడింగులు కాగితం మీద రాసుకోండి. తర్వాత సాగర్ నగర్ దాటి, కొండ అడ్డులేని చోట మళ్లీ చూడండి. ఆ తేడా ఒంటికి తెలిస్తే కొండగాలి గురించి నేను చెప్పేది సులువుగా ఎక్కుతుంది.

సాధన క్రమం ఇలా పెట్టుకోండి:

- మొదటి వారాలు: ఒడ్డువైపు వీచే గాలిలో, పడవలో తోడుగా ఒకరు ఉండగా, సెల్ఫ్ రెస్క్యూ. అరగంట రైడింగ్ తర్వాత, అలసిపోయి ఉన్నప్పుడు చేయాలి.
- తర్వాత: తెరలు తెరలుగా (ఉన్నట్టుండి విసురుగా కొట్టి తగ్గుతూ) వచ్చే గాలిలో చిన్న కైట్‌తో రైడింగ్. గాలి తగ్గినప్పుడు కైట్‌ను కదుపుతూ ఆకాశంలో నిలపడం.
- ఆఖర్న: పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, వెట్‌సూట్ (చన్నీళ్లలో ఒంటి వేడి నిలిపే రబ్బరు సూట్), చేతి తొడుగులు వేసుకుని క్విక్ రిలీజ్ తియ్యడం, తాళ్లు చుట్టడం. మన వేడిలో ఇది పది నిమిషాలకు మించొద్దు.

3. కొండగాలి ఎలా పుడుతుంది, ఎలా ఆగిపోతుంది

మొత్తం విషయంలో దీనికే ఎక్కువ సమయం పెట్టండి.

మన జాలర్లు తెల్లవారుజామున భూమి నుంచి వీచే గాలికి తెరచాప ఎత్తి లోపలికి వెళ్లి, మధ్యాహ్నం సముద్రపు గాలికి తిరిగొచ్చేవాళ్లు. కొండ లోయలోనూ ఇదే లెక్క. ఎండకు కొండవాలు వేడెక్కుతుంది, దాన్ని ఆనుకున్న గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి లోయ కింది నుంచి గాలి ఎక్కుతుంది. రాత్రి వాలు చల్లబడ్డాక గాలి తిరగబడి కిందికి దిగుతుంది. ఇటలీలోని గార్దా సరస్సులో ఈ రెండింటికీ పేర్లు కూడా ఉన్నాయి. పొద్దున ఉత్తరం నుంచి పెలేర్, మధ్యాహ్నం దక్షిణం నుంచి ఓరా.

సిల్వాప్లానా కథ కొంచెం వేరు. ఆ సరస్సు ఎంగడీన్ లోయలో దాదాపు 1,790 మీటర్ల ఎత్తున ఉంది. పక్కనున్న బెర్గెల్ లోయలో వేడెక్కిన గాలి ఎగువకు పాకి, మలోయా కనుమ దాటి, ఎంగడీన్‌లోకి ఒలుకుతుంది. అందుకే పగటిపూట గాలి లోయ పైకి ఎక్కాల్సింది పోయి కిందికి వీస్తుంది. దాన్నే మలోయా గాలి అంటారు. వేసవిలో ఎండ కాసిన రోజున మధ్యాహ్నానికి అటూఇటూగా మొదలై సాయంత్రం దాకా ఉంటుంది.

ఇలాంటి గాలికి కావలసింది ఎండ. కాబట్టి పొద్దున్నే ఆకాశాన్ని ఈ క్రమంలో చూడండి.

మొదట, పైన పలచటి మబ్బు తెర ఉందా? ఉంటే కొండవాలు సరిగా వేడెక్కదు. గాలి రాకపోవచ్చు, వచ్చినా మధ్యలో ఆగొచ్చు.

రెండు, ఆ ప్రాంతమంతా వీచే పెద్ద గాలి ఏ దిక్కుదో వాతావరణ సూచనల్లో చూడండి. అది లోయగాలి దిక్కునే ఉంటే బలం కలుస్తుంది. ఎదురుగా ఉంటే రెండూ కొట్టుకుని నీళ్ల మీద చచ్చుగాలి మిగులుతుంది, లేదా అకస్మాత్తుగా దిక్కు మారుతుంది.

మూడు, శిఖరాల మీద కదలకుండా నిలిచిన కటకం ఆకారపు మబ్బులున్నాయా? పైన బలమైన గాలి కొండలు దాటుతోందని అర్థం. ఆల్ప్స్‌లో ఫోన్ (Föhn) అనే పొడి, వెచ్చటి గాలి ఇలా దిగుతుంది. కింద ప్రశాంతంగా ఉన్నా నిమిషాల్లో విరుచుకుపడొచ్చు. మొదటిసారి వెళ్లినవాళ్లకు అది గాలి దొరికే రోజు కాదు, గదిలో ఉండే రోజు.

నాలుగు, తెల్లటి మబ్బులు గోపురాల్లా ఎదుగుతున్నాయా? ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర మధ్యాహ్నం దాకా ఉక్కపోసి సాయంత్రం ఈదురుగాలితో వాన కొడుతుంది కదా. కొండల్లో వేసవంతా అదే ప్రమాదం. ఉరుము మబ్బు ఇంకా దూరంగా ఉండగానే దాని కింది చల్లగాలి ముందుగా వచ్చి పడుతుంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు ఉంటే అది సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. అప్పటికి మీ కైట్ నేల మీద, గాలి తీసేసి, చుట్టేసి ఉండాలి. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా మళ్లీ విప్పొద్దు.

ఇక తెరల సంగతి. కైట్ లాగే బలం గాలి వేగం వర్గంతో పెరుగుతుంది. 15 నాట్ల (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) గాలి 25 అయితే వేగం రెట్టింపు కూడా కాలేదు, లాగుడు మాత్రం 2.8 రెట్లవుతుంది. సూచనలో సగటు వేగం ఒక్కటే చూసి వెళ్లేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. సగటుకూ తెరకూ మధ్య 10 నాట్ల కంటే ఎక్కువ తేడా ఉంటే మొదటిసారి దిగొద్దని నా సలహా.

4. సరస్సు, అనుమతి, బీమా

మొదటి సరస్సుకు మూడు లక్షణాలు చూడండి. కైట్‌కు ప్రత్యేకంగా కేటాయించిన ప్రాంతం ఉండాలి. గాలి దిగువన, అంటే గాలి తోసుకెళ్లే వైపు, చదునైన ఒడ్డు ఉండాలి. అక్కడ స్కూలూ రెస్క్యూ పడవా ఉండాలి. సిల్వాప్లానాలో స్కూలు ఉండటం వల్లే దాన్ని ఉదాహరణగా తీసుకున్నాను. మొదటి రోజు అక్కడి శిక్షకుడితో గంట సేపు తీసుకోండి. డబ్బు దండగ అనుకోవద్దు, ఆ నీళ్ల మీద గాలి ఎక్కడ పడిపోతుందో మ్యాపులో ఉండదు.

లద్దాఖ్‌లోని పాంగాంగ్ గురించి కూడా అడుగుతున్నారు. సుమారు 4,225 మీటర్ల ఎత్తు, ఒళ్లు కొరికే నీళ్లు, సరిహద్దు ప్రాంతం, చేరువలో రెస్క్యూ లేదు. వెళ్లి చూసి రండి. కైట్ తీసుకెళ్లొద్దు.

మీరు ఎంచుకున్న సరస్సుకు బయల్దేరే ముందు ఇవి సరిచూసుకోండి:

- నేను వెళ్లే సరస్సులో కైట్ అనుమతి ఉందా, ఏ హద్దుల్లో, ఏ నెలల్లో అని స్థానికంగా కనుక్కున్నాను. పక్షుల సంరక్షణ కోసం మూసే భాగాలుంటాయి.
- ఇతరులకు జరిగే నష్టాన్ని భరించే బీమా తీసుకున్నాను. స్విట్జర్లాండ్‌లో కైట్‌కు ఇది తప్పనిసరి.
- ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో నీటి సాహస క్రీడలు మినహాయించలేదని చదివి చూసుకున్నాను. వీసా కోసం తీసుకునే చవక పాలసీల్లో తరచూ మినహాయిస్తారు.
- కైట్, బోర్డు మీద నా పేరు, నంబరు రాశాను. ఖాళీ బోర్డు తేలుతూ కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో వాళ్లకు తెలియాలి.

5. ఎత్తుకు తగ్గ కైట్ సైజు

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. 30 డిగ్రీల వైజాగ్ మధ్యాహ్నం ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.15 కిలోలుంటే, 1,800 మీటర్ల ఎత్తున 18 డిగ్రీలప్పుడు 0.98 కిలోలే. అంటే అదే వేగంలో లాగుడు సుమారు 15 శాతం తక్కువ. మీ 12 చదరపు మీటర్ల కైట్ అక్కడ 10 మీటర్ల కైట్‌లా పనిచేస్తుంది.

"అయితే ఒక సైజు పెద్దది తీసుకెళ్తా" అనేస్తారు. ఆగండి. గాలి నిలకడగా ఉంటే ఆ మాట సరే. తెరలున్న గాలిలో సైజును సగటుకు కాదు, తెరకు సరిపెట్టాలి. నేను చెప్పే పద్ధతి ఇది:

- ఆ రోజు వచ్చే గరిష్ఠ తెర వేగం తీసుకోండి.
- ఆ వేగానికి వైజాగ్‌లో ఏ కైట్ హాయిగా వాడతారో చూడండి.
- 1,800 మీటర్ల ఎత్తులో దానికి ఒక్క మీటరు కలపండి, అంతకు మించొద్దు.
- గాలి సన్నగిల్లినప్పుడు బలం చాలకపోతే పెద్ద బోర్డుతో సర్దుకోండి. కైట్ పెద్దదైతే వదిలించుకోవడం కష్టం, బోర్డు పెద్దదైతే ఆ చిక్కు లేదు.

6. చన్నీళ్లకు సిద్ధం కావడం

మన సముద్రం ఏడాదిలో ఎక్కువ కాలం 26 డిగ్రీల పైనే ఉంటుంది. అందుకే చలి విలువ మనకు తెలీదు. చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే మొదటి నిమిషం ఊపిరి మన మాట వినదు, గుక్క తిప్పుకోలేం. అప్పుడు చేయాల్సిందల్లా మొహం నీళ్ల పైన ఉంచి శ్వాస కుదుటపడే దాకా ఆగడం. తర్వాత మెల్లగా వేళ్లు కొంకర్లు పోతాయి. కొంకర్లు పోయిన వేళ్లతో తాళ్లు చుట్టలేం, బకిల్ తియ్యలేం. అందుకే సరస్సులో సెల్ఫ్ రెస్క్యూ "ఇంకాసేపు చూద్దాం" అని వాయిదా వేసే పని కాదు.

నీటి వేడిని బట్టి వెట్‌సూట్ సుమారుగా ఇలా ఎంచుకోండి:

- 18 నుంచి 22 డిగ్రీలు: 3/2 మిల్లీమీటర్లు (ఒంటి దగ్గర 3, చేతులకూ కాళ్లకూ 2 మందం)
- 14 నుంచి 18: 4/3, కాళ్లకు బూట్లు
- 9 నుంచి 14: 5/4, బూట్లు, చేతి తొడుగులు, తలకు హుడ్
- అంతకంటే చల్లనైతే: డ్రైసూట్ (లోపలికి నీళ్లు రానివ్వని సూట్). మొదటి ఏడాది ఇలాంటి నీళ్లు వద్దు.

బయట ఎండ మండుతోందని పలచటి సూట్‌తో దిగొద్దు. సూట్ నీటి వేడికి వేసుకునేది. అక్కడే అద్దెకు దొరుకుతుంది, ఒంటికి అతుక్కున్నట్టుండాలి. మెడ దగ్గర నీళ్లు దూరితే ఉపయోగం లేదు.

మిగతా సామాను:

- హెల్మెట్, ఇంపాక్ట్ వెస్ట్ (దెబ్బల నుంచి ఛాతీని కాపాడే జాకెట్). ఇంపాక్ట్ వెస్ట్ అన్నీ తేల్చవు. మంచినీళ్లలో ఒళ్లు ఉప్పునీళ్లలో కంటే కాస్త తక్కువ తేలుతుంది కాబట్టి తేల్చే రకమే కొనండి.
- హార్నెస్‌కు తాళ్లు కోసే కొక్కెం కత్తి, రెండు చేతులకూ అందేచోట.
- ఈల, నీళ్లు చేరని సంచిలో ఫోన్. యూరప్‌లోనూ ఇండియాలోనూ అత్యవసర నంబరు 112. మన తీరంలో కోస్ట్ గార్డ్ 1554.
- గాలి మీటరు.
- ఖాళీ గుడ్డ సంచులు రెండు. సరస్సు ఒడ్డున చాలాచోట్ల ఇసుక ఉండదు. గులకరాళ్లు నేరుగా కైట్ మీద పెడితే గుడ్డ చిరుగుతుంది. సంచుల్లో మట్టో నీళ్ల సీసాలో వేసి బరువు పెట్టాలి.

7. ఒడ్డు మీద మొదటి గంట

కారు దిగగానే పంపు తియ్యొద్దు. ఒడ్డున నడవండి.

చూడాల్సినవి: చెట్లు, కరెంటు తీగలు, కంచెలు, పడవల రేవు, రోడ్డు. తాళ్లు 20 నుంచి 24 మీటర్లుంటాయి. గాలి దిగువ వైపు కనీసం 50 మీటర్ల ఖాళీ లేకపోతే అది కైట్ లేపే చోటు కాదు. గాలి ఎగువన, అంటే గాలి వచ్చే వైపు, చెట్లో కట్టడమో ఉంటే దాని ఎత్తుకు ఏడు రెట్ల దూరం దాకా గాలి చెడిపోయి ఉంటుందని లెక్కేసుకోండి. 15 మీటర్ల చెట్ల వరస వెనక వంద మీటర్ల దాకా నమ్మకం లేదన్నమాట.

తర్వాత నీళ్లను చూడండి. నీటి మీద ముదురు రంగు మచ్చలు పరుగెత్తుతూ వస్తుంటే అవి తెరలు. అద్దంలా మెరిసే చోటు గాలి లేని చోటు. తెల్లటి నురగలు అంతటా లేచాయంటే దాదాపు 12 నాట్లు దాటింది. ఎక్కడ మెరుపు మచ్చ పదే పదే వస్తోందో గుర్తు పెట్టుకోండి, అటు వెళ్లొద్దు.

ఆ పైన గాలి దిగువ ఒడ్డుకు నడిచో కారులోనో వెళ్లి చూడండి. ఈ మెట్టు దాదాపు అందరూ వదిలేస్తారు. "సరస్సే కదా, గాలి ఎటు తోసినా అవతలి ఒడ్డు తగులుతుంది" అనుకుంటారు. ఆ ఒడ్డున నిటారు బండ ఉండొచ్చు, రోడ్డు రక్షణ గోడ ఉండొచ్చు, రెల్లు పొదలుండొచ్చు. జలాశయమైతే నీటిమట్టం తగ్గి మోకాలి లోతు బురద, మునిగిన చెట్ల మొద్దులు ఉంటాయి. ఎక్కడ బయటికి రాగలరో రెండు చోట్లు గుర్తు పెట్టుకుని, ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

పెద్ద స్విస్ సరస్సుల చుట్టూ నారింజ రంగు హెచ్చరిక దీపాలుంటాయి. నిమిషానికి 40 సార్లు వెలిగితే 25 నుంచి 33 నాట్ల తెరలు రావచ్చని జాగ్రత్త చెప్పడం. 90 సార్లు వెలిగితే 34 నాట్లు దాటే తుపాను గాలి. మొదటిది కనిపించగానే ఒడ్డుకు రండి, రెండోదాని కోసం ఎదురుచూడొద్దు.

చివరగా, అరగంట పాటు ఐదు నిమిషాలకోసారి గాలి మీటరు చూసి రాయండి. గాలి ఇంకా పెరుగుతుంటే, అది నిలకడకు వచ్చే దాకా ఆగండి.

8. కైట్ లేపే క్రమం

1. కైట్‌కు గాలి కొట్టండి. చాలా కైట్లకు 6 నుంచి 8 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), మీ కైట్ మీద రాసినంత. నీడలో చల్లని గాలి కొట్టి ఎండలో వదిలేస్తే ఒత్తిడి పెరుగుతుంది, చల్లటి నీళ్లలో పడ్డాక తగ్గుతుంది. లేపే ముందు మళ్లీ నొక్కి చూడండి.
2. బోర్లా పెట్టి, ముందు అంచు గాలికి ఎదురుగా ఉంచి, బరువు సంచులు పెట్టండి.
3. తాళ్లు పరిచి ఒక్కొక్కటి చేత్తో రాస్తూ నడవండి. ముడి, రాయికి చిక్కుకున్న చోటు, గడ్డిలో దాగిన కొమ్మ అప్పుడే తెలుస్తాయి.
4. తాళ్లు కలిపాక బార్ దగ్గర నిలబడి, ముందు తాళ్లు మధ్యలో, వెనక తాళ్లు పక్కల్లో ఉన్నాయో లేదో పెద్దగా చెప్పుకుంటూ చూడండి.
5. లీష్‌ను (మిమ్మల్ని కైట్‌కు కలిపి ఉంచే పొట్టి తాడు) సేఫ్టీ తాడుకు (క్విక్ రిలీజ్ తీశాక కైట్‌ను లాగుడు లేకుండా పట్టి ఉంచేది) తగిలించి, క్విక్ రిలీజ్ ఒకసారి తీసి మళ్లీ బిగించండి.
6. కైట్ పట్టుకునే మనిషికి సైగలు ముందే చెప్పండి. బొటనవేలు పైకెత్తితే వదలమని. చేత్తో తల తట్టుకుంటే దించమని.
7. నీళ్ల వైపు నుంచి లేపండి. కైట్‌ను నడినెత్తికి తీసుకెళ్లకుండా నీటి మీద కిందుగా ఉంచి వెంటనే నీళ్లలోకి నడవండి. ఒడ్డున కైట్ నెత్తి మీద పెట్టుకుని కబుర్లు చెప్పేవాళ్లనే తెర ఎత్తి రాళ్ల మీద పడేస్తుంది.

9. నీళ్ల మీద

మొదటి పది నిమిషాలు ఒడ్డు నుంచి వంద మీటర్లు దాటొద్దు. అటూఇటూ రెండు మూడు మలుపులు వేసి, బయల్దేరిన చోటికి రాగలుగుతున్నారో లేదో చూడండి. రాలేకపోతే వెంటనే దిగిపోండి.

ఒడ్డు దగ్గర గాలి గజిబిజిగా, నడిమధ్య నిలకడగా ఉంటుంది. అందుకే మధ్యలోకి వెళ్లాలనిపిస్తుంది. ఈదగలిగిన దూరమే మీ హద్దు.

కైట్‌ను నడినెత్తిన ఆపొద్దు. ఏ పక్కకైనా 45 డిగ్రీలలో ఉంచి కదులుతుండండి. గాలి ఒక్కసారిగా సన్నగిల్లితే తాళ్లు వదులవుతాయి, కైట్ వెనక్కి జారుతుంది. అప్పుడు చేతులు చేసే పొరపాటు బార్‌ను గట్టిగా ఒంటివైపు లాక్కోవడం. లాగితే కైట్ ఇంకా స్తంభించి రాయిలా పడుతుంది. బార్‌ను దూరంగా తొయ్యండి, ముందు తాళ్లను చేత్తో కిందికి లాగండి, గాలి అందగానే కైట్‌ను కిందికి తిప్పి వేగం ఇవ్వండి. తెర వచ్చినప్పుడు కూడా మొదటి పని బార్ తొయ్యడమే. రెండింటికీ ఒకటే అలవాటు, చేతికి రావాలి.

దారి నియమాలు సముద్రంలోవే. ఎదురెదురుగా వస్తే కుడిచెయ్యి ముందున్నవారికి దారి. గాలి ఎగువనున్నవారు కైట్ పైకి, దిగువనున్నవారు కిందికి. ప్రయాణికుల పడవ దారికి ఎప్పుడూ అడ్డు వెళ్లొద్దు.

10. గాలి పడిపోయింది: ఒడ్డుకు రావడం

కైట్ నీళ్లలో పడింది, రెండు మూడు ప్రయత్నాలకూ లేవలేదు. అంతటితో చాలు, నాలుగోసారి వద్దు. వేళ్లలో పట్టు ఉండగానే ఇవి మొదలుపెట్టండి.

1. క్విక్ రిలీజ్ తియ్యండి. కైట్ ఒక్క సేఫ్టీ తాడు మీద ఉండిపోతుంది, లాగదు. లీష్ మాత్రం విప్పొద్దు.
2. సేఫ్టీ తాడు పట్టుకుని బార్ దాకా రండి. చేతికి, వేలికి తాడు చుట్టుకోవద్దు. తెర వస్తే వేలు తెగుతుంది.
3. ముందుగా సేఫ్టీ తాడు ఒక్కదాన్నే బార్‌కు కొన్ని చుట్లు చుట్టి ముడి వేయండి. అది మిగతా వాటికంటే పొట్టిగా ఉంటేనే కైట్ మళ్లీ బలం అందుకోదు. తొందరలో అన్ని తాళ్లూ కలిపి చుట్టేస్తే కైట్ లేచి మిమ్మల్ని ఈడ్చుకుపోతుంది.
4. ఇప్పుడు తాళ్లన్నీ కలిపి చుడుతూ కైట్ దగ్గరికి వెళ్లండి. అక్కడ బార్‌కు ముడి బిగించండి.
5. కాస్త గాలి ఉండి, అది మీరు గుర్తు పెట్టుకున్న ఒడ్డువైపే వీస్తుంటే, కైట్ రెండు చివరలూ దగ్గరికి లాగి పట్టుకుని తెరచాపలా వాడండి. తోసుకుపోతుంది.
6. గాలి అసలు లేకపోతే ముందు అంచు గొట్టంలోని గాలి తీసేసి, రెండు చివరల నుంచి మధ్యకు చుట్టండి. అడ్డంగా ఉండే గొట్టాల గాలి మాత్రం తియ్యొద్దు, అవి తేలుస్తాయి. ఆ చుట్ట మీద పడుకుని, కాళ్లతో తన్నుకుంటూ ఒడ్డుకు రండి.
7. చలి ఎక్కుతోందనిపిస్తే, ఒడ్డు దూరమైతే, వెంటనే సాయం అడగండి. రెండు చేతులు పక్కలకు చాపి మెల్లగా పైకీ కిందికీ ఆడించడం ఆపదలో ఉన్నానని చెప్పే సైగ. ఒక్క చెయ్యి ఊపితే పలకరిస్తున్నారనుకుని తిరిగి చెయ్యి ఊపుతారు.

బోర్డు కొట్టుకుపోతే పోనివ్వండి. కైట్ తేలుతుంది, దాన్ని వదిలి ఒంటరిగా ఈదడానికి వెళ్లొద్దు. తాళ్లు ఒంటికి చుట్టుకుంటేనే కత్తి తియ్యండి.

11. తరచూ జరిగే పొరపాట్లు

*సూచన చూసి పొద్దున్నే దిగిపోవడం.* ప్రాంతమంతటికీ ఇచ్చే సూచనకు లోయగాలి సరిగా అందదు. సరస్సు దగ్గరి గాలి మీటరు రీడింగులు, స్థానికుల మాట రెండూ కలిపి చూడండి.

*సాయంత్రం "ఒక్క రౌండ్" అనడం.* సూర్యుడు కొండ చాటుకు వెళ్లగానే గాలికి ప్రాణం పోతుంది, చలి పెరుగుతుంది. గాలి మామూలుగా ఆగే సమయానికి గంట ముందే బయటికి రండి.

*ఒంటరిగా వెళ్లడం.* ఒడ్డున ఒకరుండాలి. మీరు ఏ సమయానికి తిరిగొస్తారో, ఆలస్యమైతే ఎవరికి ఫోన్ చేయాలో వాళ్లకు రాసి ఇవ్వండి. ఇంట్లో అమ్మానాన్నలకు ఫొటో పంపడం దీనికి సరిపోదు.

*ఎండను చిన్నచూపు చూడటం.* చల్లగా ఉన్నా ఎత్తున ఎండ చర్మాన్ని త్వరగా కాలుస్తుంది. మొహానికి, పెదాలకు సన్‌స్క్రీన్ రాయండి, నీళ్లు తాగుతుండండి.

12. బయటికి వచ్చాక

ముందు తడి సూట్ విప్పి పొడి బట్టలు వేసుకోండి, తర్వాతే కైట్ మడత. వణుకు ఆగకపోయినా, మాట తడబడినా వైద్య సాయం అడగండి.

సరస్సు నీళ్లలో ఉప్పు లేదని సామాను అలాగే బ్యాగులో కుక్కొద్దు. ఒక సరస్సులోని గుల్లల పిల్లలు, నాచు ముక్కలు తడి సామానుతో ఇంకో సరస్సుకు చేరి అక్కడి నీళ్లను పాడుచేస్తాయి. కొన్నిచోట్ల శుభ్రం చేయడం చట్టం. బోర్డు పట్టీలు, హార్నెస్ మడతలు, బూట్ల లోపల కడిగి, నీళ్లు ఒంపి, పూర్తిగా ఆరనివ్వండి.

ఆరబెట్టేటప్పుడు తాళ్లను చూడండి. రాతి ఒడ్డు మీద ఈడ్చిన తాడు పైకి బాగున్నట్టే కనిపిస్తుంది. గోటితో రాస్తే నూలు లేచిన చోటు తెలుస్తుంది. అలాంటి తాడు ఒక్కటి దొరికినా మొత్తం సెట్టు మార్చాకే మళ్లీ భీమిలిలోనైనా నీళ్లలోకి దిగండి.